ఆది గుడ్డ

"కొలతలు తీసుకోనక్కర్లే. పాత కర్టెను ఇస్తుండా, దాన్నే ఆది పెట్టుకోని కుట్టెయ్," అంది ఆదిశేషమ్మ. ఆమె గడప దాటి ఇవతలికి రాలేదు.

ఎలిశబెతు మెడలోని టేపును రెండు చేతులతో పట్టుకుని వసారాలోనే నిలబడిపోయింది. జాకెట్టుకైతే ఆది జాకెట్టు చాలు. కిటికీకి చాలదు. పాత గుడ్డ ఉతికినకొద్దీ కుంచించుకుపోతుంది, కడ్డీ మీద ఒక వైపుకు సాగుతుంది. దాన్ని ఆది పెట్టుకుని కుడితే పాతదాని వంకరంతా కొత్తదానికి వస్తుంది. ఆసుపత్రి కుట్టుగదిలో పనిచేసిన రోజుల్లోనే ఈ సంగతి ఆమె చేతులకు తెలిసిపోయింది.

"ఒక్క నిమిషం లోపలికొచ్చి చూసుకుంటానమ్మా. రెక్కలు ఎటు తెరుచుకుంటాయో, మేకులు యాడుండాయో..."

"లోపల మనవరాలు పండుకోనుండాది. కండ్లకలక. రవ్వంత వెలుతురు తగిలినా గీపెడతా ఉండాది. అందుకే గదా నిన్ను ఇంత తొందరగా పిలిపించింది."

లోపలికి రావద్దనడం ఎలిశబెతుకు కొత్త కాదు. తను ఉండే కోవూరుకు తూర్పున ఉన్న ఈ పల్లెల్లో మోతుబరుల ఇళ్ళ కిటికీలన్నీ ఆమె బయటినుంచే కొలుస్తుంది. లోపలివైపు మేకు కొట్టాలంటే ఇంటివాళ్ళెవరో కొడతారు. అలవాటైన మాట కాబట్టి దాని వెనక ఇంకో కారణం ఉండొచ్చని ఆమెకు తోచలేదు.

"వెదురు తెర వేయిస్తే గాలి బాగా వస్తాదమ్మా, వెలుతురు మాత్రం సగమే ఆగుతాది. వట్టివేళ్ళ తడిక చల్లగా ఉంటాది గానీ గంటకోసారి తడిపే మనిషి కావాల. వీధి కిటికీలకు వేస్తామే, స్ప్రింగు తీగ మీద సగం కర్టెను, అది ఇక్కడ పనికిరాదు. మీరు చెప్పినట్టు చీకటి కావాలంటే మందం గుడ్డ తీసుకోని, లోపల నల్ల గుడ్డ జోడించి, కిటికీకి పైనా కిందా జానెడు ఎక్కువుండేటట్టు కుట్టాల."

"అదే కుట్టు. లోపల చీమ పాకినా బయటికి కనపడకూడదు."

ఆ మాట ఎలిశబెతుకు నచ్చింది. తన పనిని అంత కచ్చితంగా అడిగేవాళ్ళు తక్కువ. పనిమనిషి పాత కర్టెనును ఉండగా చుట్టి తెచ్చి, చేతికివ్వకుండా అరుగు అంచున పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అదీ కొత్త కాదు.

"దాన్ని మళ్ళా తేవద్దులే. నువ్వే ఉంచుకో," అంది ఆదిశేషమ్మ.

లేత ఆకుపచ్చ మల్లు గుడ్డ. ఎన్ని ఉతుకులు చూసిందో, పట్టుకుంటే వెన్నలా జారిపోతోంది. ఎలిశబెతు దాన్ని ఒళ్ళో పెట్టుకుని బండి ఎక్కింది. ఇంటి పక్కనే కళ్ళంలో నూర్పులు సాగుతున్నాయి. ఆదిశేషమ్మ భర్త చెంచురామయ్య గారు గొడుగు వేసుకుని కుప్ప పక్కన నిలబడి, కూలీలను పేరు పేరునా కేకేస్తున్నారు. ఊళ్ళో సగం మంది అక్కడే ఉన్నారు.

*

కొత్త గుడ్డను ముందు నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, కుంచించుకోవాల్సినంత కుంచించుకున్నాకే ఎలిశబెతు కత్తెర పెడుతుంది. మర్నాడు మధ్యాహ్నానికి గుడ్డ సిద్ధమైంది. పాత కర్టెనును నేల మీద పరిచి, వంకర ఎక్కడుందో చేత్తో తడిమి చూసి, ఆ వంకరను వదిలేసి కొత్తదానికి గీతలు గీసింది. తడుముతుంటే గుడ్డలోంచి పసుపు వాసన, దానికింద ఇంకేదో చేదు వాసన వచ్చింది. పెద్దింటి గుడ్డ, పసుపు అంటి ఉంటుందనుకుంది.

ఏ ఇంటినుంచి పాత గుడ్డ వచ్చినా ముందు కాగులో వేసి ఉడకబెట్టాలని ఆసుపత్రిలో నేర్పారు. వెనక వీధి వాళ్ళు తెచ్చే ఆది జాకెట్లను ఆమె వాళ్ళ ఎదుటే కర్రతో ఎత్తి వేడినీళ్ళలో వేస్తుంది. వాళ్ళు నొచ్చుకున్నా పట్టించుకోదు. ఈ గుడ్డను మాత్రం ఉడకబెట్టాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

సాయంత్రం పక్కింటి పెంచలమ్మ గుమ్మంలోకి వచ్చింది. నాలుగు రోజుల కింద ఆమె కూతురు మస్తానమ్మకు మొగబిడ్డ పుట్టాడు.

"ఏమ్మే, మిషను తొక్కి తొక్కి కాళ్ళరిగిపోతాయి. మెత్తటి పాతగుడ్డ ఏదన్నా ఉంటే ఇయ్యి. మా వోడు గంటకోసారి తడిపేస్తా ఉండాడు. పొత్తిగుడ్డలు చాలడంలా."

"కొత్త పీలికలుండాయి, ఇయ్యనా?"

"కొత్తయ్యా? పురిట్లో బిడ్డకు కొత్తగుడ్డ యాడన్నా చుట్టబెడతారా? పిల్లల్ని పెంచినోళ్ళు నిన్ను జూస్తే నవ్వుతారు. పదిమంది కట్టి వదిలిందే బిడ్డకు సుఖం."

పిల్లల్ని పెంచినోళ్ళు అన్నమాట ఎక్కడో గుచ్చుకుంది. ఆ గుచ్చుకోవడం వల్లనే కాబోలు, ఎలిశబెతు చటుక్కున లేచింది. గీతలు గీయడం అయిపోయింది, ఇక ఆది గుడ్డతో పనిలేదు. దాన్ని పంటితో చివర కొరికి, నిట్టనిలువునా చింపింది. గుడ్డ చప్పుడు లేకుండా చిరిగింది.

"అబ్బ, ఎంత మెత్తగుండాదే! దొరసాని చీరలాగ!" పెంచలమ్మ ముక్కల్ని బుగ్గకు ఆనించుకుంది. "నీ కడుపు చల్లగుండ."

బిడ్డను వీళ్ళు తన చేతికి ఇవ్వలేదు, అడగాలనీ ఆమెకు తోచలేదు. కానీ తను ఇచ్చిన గుడ్డ ఆ బిడ్డ ఒంటికి చుట్టుకుని ఉంటుందనుకుంటే, దీపం వేళదాకా మిషను కింద ఆమె కాళ్ళు తేలిగ్గా ఆడాయి. కర్టెను అంచు మడిచేటప్పుడు ఒక్కో మూలా నాలుగేసి సీసపు గుండ్లు పెట్టి కుట్టింది. జువ్వలదిన్నె జాలర్లు వలలకు కట్టే గుండ్లు అవి. సముద్రపు గాలికి తెర పైకి లేవకుండా ఉండాలంటే అంతకు మించిన ఉపాయం ఆమెకు తెలియదు.

*

మూడోరోజు మధ్యాహ్నం బండి పంపించారు. చెంచురామయ్య గారి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆదిశేషమ్మ కూలీల అన్నాలు చూడడానికి పెరట్లోకి వెళ్ళింది. "బయటి వైపే తగిలించు, లోపలికి పోబాకమ్మే," అని చెప్పి మరీ వెళ్ళింది.

ఎలిశబెతు స్టూలు వేసుకుని వసారా కిటికీకి కడ్డీ బిగించింది. ఎడమ వైపు మేకు ఊడిపోయి ఉంది. దాన్ని కొట్టాలంటే కిటికీ రెక్క అడ్డం. ఆమె రెక్కను వేలి కొసతో కొంచెం లోపలికి తోసింది.

చేదు వాసన గుప్పున కొట్టింది. వేపాకు. మంచం నిండా వేపరెమ్మలు పరిచి ఉన్నాయి. వాటి మీద ఎనిమిదేళ్ళ పిల్ల. మొహంలో వేలు మోపడానికి చోటు లేదు. కొన్ని పొక్కులు చెక్కుకట్టి, కొన్ని ఇంకా చీముతో మెరుస్తున్నాయి. కళ్ళు అతుక్కుపోయి ఉన్నాయి.

"ఎవురూ? అవ్వా? నీళ్ళియ్యవా..."

ఎలిశబెతు రెక్క మూసింది. స్టూలు మీదినుంచి దిగడానికి కాలు అందలేదు. నేల ఎక్కడుందో తెలియనట్టు కాలు గాల్లో వెతికింది.

"చూసినావా?"

ఆదిశేషమ్మ వెనకే నిలబడి ఉంది. గొంతులో కోపం లేదు. రాత్రిళ్ళు నిద్రలేని మనిషి కళ్ళు.

"అమ్మవారమ్మా? పెద్దమ్మవారా, మశూచేనా?"

"తల్లి వచ్చింది. దిగతా ఉండాది. ఇంకెన్నాళ్ళులే."

"గుమ్మానికి వేపమండ..."

"కడితే?" ఆదిశేషమ్మ ఒక్క అడుగు ముందుకేసింది. "వేపమండ చూసినాక కూలోడు ఒక్కడన్నా కళ్ళంలోకి అడుగు పెడతాడా? గింజ కళ్ళముందే రాలిపోతా ఉండాది. టీకాలోళ్ళకు తెలిస్తే నా బిడ్డను ఊరి బయట పాకలో పడేస్తారు. నీకు చెప్పేదేముంది తల్లీ, నువ్వు ప్రభువును నమ్ముకున్న మనిషివి. నోరు జారకు. మీ ఆయన మిల్లులో కాటా పట్టేది మా వడ్లకే గదా."

అడగాల్సింది ఒక్కటే ఉంది.

"ఆ పాత కర్టెను ఎప్పుడు దించినారమ్మా?"

"నువ్వొచ్చిన పొద్దుటే. మంటకు తట్టుకోలేక దాన్నే లాగి మొహాన కప్పుకునేది బిడ్డ. ఏం?"

"ఏంలేదమ్మా."

తెలిసి ఇచ్చిందా, తెలియక ఇచ్చిందా? ఆ మొహంలో ఎలిశబెతుకు జవాబు దొరకలేదు. ఆమె మళ్ళీ స్టూలు ఎక్కింది. ఎందుకు ఎక్కిందో తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకు తెలియలేదు. చేతులు వాటంతటవే మేకు కొట్టాయి, రింగులు ఎక్కించాయి, మడతలు సర్దాయి. తూర్పు గాలి వచ్చి తెరను తోసింది. గుండ్ల బరువుకు తెర ఇంచి కూడా లేవలేదు. వీధిలోంచి చూస్తే కలిగినవాళ్ళ ఇంటి ముచ్చటైన కిటికీ. ఇంత బాగా ఆమె ఎప్పుడూ కుట్టలేదు.

దారిలో బండి తోలే పోలేరయ్య రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

"ఏమక్కా, బిగుసుకోని కూర్చున్నావు? ఒంట్లో బాగలేదా?"

"ఎండ."

"ఎడ్లు లాగలేకపోతుండాయి గానీ, నీకు ఎండేంది, గూడుబండిలో?"

ఆమె నవ్వలేదు. తన చేతుల్ని ఒళ్ళో పెట్టుకోకుండా, మోకాళ్ళకు దూరంగా, వేరే ఎవరివో మోస్తున్నట్టు పట్టుకుని కూర్చుంది. పచ్చటి ముక్కను బుగ్గకు ఆనించుకున్న పెంచలమ్మ కళ్ళముందునుంచి కదలలేదు. బండి ఇంకా వేగంగా పోవాలనిపించింది. అసలు కోవూరు రాకపోతే బాగుండుననీ అనిపించింది.

*

పెంచలమ్మ ఇంట్లో సాంబ్రాణి పొగ. బిడ్డ చాటలో నిద్రపోతున్నాడు. ఒంటికి లేత ఆకుపచ్చ గుడ్డ, గడ్డం దాకా.

చెప్పాలనే వచ్చింది ఎలిశబెతు. కానీ నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది.

"అక్కా, నేనిచ్చిన గుడ్డలు తిరిగియ్యి."

"ఏందీ?"

"పెద్దింటోళ్ళు ఆది తిరిగి అడుగుతుండారు."

పెంచలమ్మ పెద్దగా నవ్వింది. "నాలుగు ముక్కలు చేసి పెట్టినాక ఆది ఏందమ్మే? అతికించి ఇస్తావా? వాళ్ళు అడిగినారా, నీకే మనసు రాలేదా?"

"అట్టా కాదక్కా. ఇయ్యి."

"మా వోడు తడిపిన గుడ్డ చెంచురామయ్య గారు తలకు చుట్టుకుంటాడంటనా?" లోపల మంచం మీదినుంచి మస్తానమ్మ కూడా కిసుక్కుమంది. ఎలిశబెతు నవ్వకపోవడం చూసి పెంచలమ్మ మొహం మారింది. "బిడ్డ కిందినుంచి గుడ్డ లాక్కునే మనిషిని నిన్నే జూస్తుండా. నీకొకడు పుట్టుంటే తెలిసేది."

"అమ్మా, ఇచ్చెయ్యి, పోనీ," అంది మస్తానమ్మ.

పెంచలమ్మ బిడ్డ ఒంటిమీద గుడ్డను తీసి, దండెం మీద ఆరేసినవి కలిపి, గుమ్మంలోకి విసిరేసింది. ఎలిశబెతు వంగి ఏరుకుంది. మూడు ముక్కలు. నాలుగని పెంచలమ్మ అంది గదా? కోపంలో ఏదో అంటారు. తను చింపింది మూడే అయివుంటుంది. మూడే. ఇంటికి నడుస్తూ నిలువుగా ఎన్నిసార్లు చింపిందో గుర్తు తెచ్చుకోబోయి, మధ్యలో ఆపేసింది.

పొయ్యిలో పెడితే మల్లు గుడ్డ క్షణంలో నల్లబడి ముడుచుకుపోయింది. చేతుల్ని ఫినాయిలుతో చర్మం మండేదాకా తోమింది.

మిల్లునుంచి వచ్చిన ఆమె భర్త సమాధానం కనుబొమ్మల మీద ఊకదుమ్ము తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"గుడ్డ కాల్చేసినావు గదా. ఇంకేంది?"

"గుడ్డ కాలిస్తే బిడ్డకు అంటింది పోతాదా?"

"అంటిందని నీకెవరు చెప్పినారు?"

"అంటలేదని ఎవరు చెప్పినారు? వెంటనే టీకా వేయిస్తే ఆగుతాదని ఆసుపత్రిలో చెప్పేవాళ్ళు. రెండు మూడు రోజుల్లోపల వేయించాల. ఇంకా ఆలస్యం కాలేదు."

"వేయించమని చెప్పు. కారణం చెప్పబాక."

"అయిదు రోజుల బిడ్డను కారణం లేకుండా నెల్లూరు తీసకపోతారా? పెంచలమ్మక్క పురిటి స్నానం కాందే గడప దాటనీదు."

సమాధానం పళ్ళెం ముందు తల వంచుకున్నాడు. ప్రార్థన చేస్తున్నాడో, ఆలోచిస్తున్నాడో తెలియలేదు. "పెద్దాయన పేరు నీ నోట వచ్చిందని తెలిస్తే, నేను మిల్లు గేటు దాటేది కూడా ఉండదు ఎలిశబెతూ. మనకేం భూములున్నాయా?" అన్నాడు చివరికి, బతిమాలుతున్నట్టు.

గోడకవతల బిడ్డ ఏడ్చాడు. ఎలిశబెతు చేతిలో ముద్ద అట్లాగే ఆగిపోయింది. ఏడుపు ఆగింది. ఆగినందుకు ఇంకా భయమేసింది. ఎందుకు ఆగిందో వినాలని చెవి గోడవైపు పెట్టింది. పాలు తాగుతూ ఉంటాడు. అంతే అయి ఉంటుంది. "పెద్దింటోళ్ళు ఆది తిరిగి అడుగుతుండారు" అని తను అన్న గొంతు ఇప్పుడు ఆమెకు మళ్ళీ వినిపించింది. అది ఆదిశేషమ్మ గొంతులాగే ఉంది. కండ్లకలక అని చెప్పినప్పటి గొంతు, కోపమూ లేదు, తొట్రుపాటూ లేదు.

*

తెల్లవారుతూనే పెంచలమ్మ వాకిట్లో గిన్నెలు తోముతోంది. తల ఎత్తకుండానే అంది: "ఇప్పుడేం కావాల? చాట కూడా తీసకపోతావా?"

"నేను నిన్న అబద్ధం చెప్పినా అక్కా."

"అది నాకు తెలవదా?"

"ఆ గుడ్డను అమ్మవారు పోసిన పిల్ల మొహాన కప్పుకోనింది. నాకు తెలవకుండా నీకిచ్చినా. నిన్న తెలిసింది. తెలిసినాక కూడా నీకు చెప్పలా."

బూడిద అంటిన గిన్నె పెంచలమ్మ చేతిలోంచి జారి రాళ్ళ మీద దొర్లింది. ఆమె తిట్టలేదు. జుట్టు పట్టుకుంటుందేమోనని ఎలిశబెతు నిలబడే ఉంది. పెంచలమ్మ లేచి లోపలికి వెళ్ళి, వెంటనే వచ్చింది. చేతిలో బిడ్డ ఉన్నాడు. బిడ్డ ఒంటికి లేత ఆకుపచ్చ గుడ్డ ఉంది.

"ఒకటి దాచిపెట్టినా," అంది. "నీమీద కోపానికి. ఒకటి తక్కువొచ్చి ఏడ్చుకోనీ అని... రాత్రంతా వీడికి ఇదే కప్పినా."

ఇద్దరూ ఆ గుడ్డ వైపు చూశారు. నాలుగో ముక్క ఉందని రాత్రే తనకు తెలుసని ఎలిశబెతుకు అప్పుడు తెలిసింది.

"నెల్లూరు పోదాం," అంది. "ఇప్పుడే. బస్సుంది."

మస్తానమ్మ చెవులకు గుడ్డ కట్టుకుని, గోడ పట్టుకుని బయటికి వచ్చింది. బాలింత వీధిలోకి వస్తోందేమని ఎదురింటివాళ్ళు అడిగారు. గుడ్డ విప్పి, వాకిట్లోనే కాల్చేసి, బిడ్డను పెంచలమ్మ తన చీర చెంగులో చుట్టింది. బస్సు ఎక్కేటప్పుడు ఆమె చేతులు వణికి, బిడ్డ తల ఒకవైపు వాలిపోయింది.

"నువ్వే ఎత్తుకో. నా చేతులు నిలవడంలా."

"నేనా? నా చేతులు..."

"ఇంకేం మిగిలిందని? పట్టుకో."

పెన్న వంతెన మీద గాలికి బిడ్డ కళ్ళు చిట్లించాడు. ఎలిశబెతు పమిట అడ్డం పెట్టింది. బిడ్డ ఇంత బరువు ఉంటాడని ఆమె అనుకోలేదు. ఒళ్ళు వెచ్చగా ఉంది. పసిపిల్లల ఒళ్ళు ఇంత వెచ్చగానే ఉంటుందా? అడిగితే పెంచలమ్మ చెప్పేది. అడగడానికి ధైర్యం చాలలేదు.

ఆసుపత్రి వసారాలో కరుణాకుమారి అనే నర్సు బిడ్డ చేతిని స్పిరిట్టుతో తుడిచింది. "గట్టిగా పట్టుకో, కదలనీకు," అంది. టీకా గీత పడగానే బిడ్డ ఊపిరి బిగబట్టి, ఎర్రబడి, ఒక్కసారిగా అరిచాడు. ఎలిశబెతు ఆ చిన్న చేతిని రెండు వేళ్ళ మధ్య కదలకుండా పట్టుకుంది.

"పడుతుందా సిస్టర్? ఆగుతుందా?" అంది మస్తానమ్మ.

"తొందరగానే తెచ్చారు. వారం తర్వాత మళ్ళీ చూడాలి. అప్పటిదాకా ఏమీ చెప్పలేను." నర్సు బిడ్డ రెండో చేతికి టీకా వేయడానికి సూది మార్చింది. "సరే, ఎక్కడ అంటింది? ఏ ఇల్లు? అక్కడ ఇంకెంతమంది తిరుగుతున్నారో. వెంటనే మనుషుల్ని పంపాలి."

కళ్ళంలో సగం ఊరు ఉంది. ఎలిశబెతు పెంచలమ్మ వైపు చూసింది. పెంచలమ్మ బిడ్డ మీదినుంచి చూపు తిప్పకుండానే, చిన్న గొంతుతో అంది:

"పేరు చెప్పబాకులే. మీ ఆయన పని పోతాది. మా వోడికి వేయించినాం గదా, చాలు."

మిల్లు గేటు, కాటా, కనుబొమ్మల మీద దుమ్ముతో గుమ్మంలో నిలబడ్డ సమాధానం, అన్నీ ఎలిశబెతు కళ్ళముందు మెదిలాయి. ఆమె చెప్పింది.

బిడ్డ ఏడుపులో నర్సుకు వినపడలేదు. "ఏంటీ?" అంటూ వంగింది.

ఎలిశబెతు మళ్ళీ చెప్పింది, ఈసారి గట్టిగా, ఊరి పేరుతో సహా.